అలుగుపై అలలు

అద్దంలా మెరిసే లోహపు వస్తువులు లోకంలో అనేకం ఉన్నాయి. కాని డమాస్కస్ ఉక్కుతో చేసిన కత్తి సౌందర్యం మెరుపులో లేదు. దాని అలుగును వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూసినప్పుడు, చెరువునీటిపై చిరుగాలి రేపిన తరగల వంటి రేఖలు నలుపు తెలుపుల్లో కనిపిస్తాయి. మొదటిసారి చూసేవారు వాటిని కుంచెతో గీసిన గీతలనో, యంత్రంతో చెక్కిన చెక్కడమనో భావిస్తారు. నిజానికి ఆ రేఖలను పైనుంచి ఎవరూ గీయలేదు. లోహం లోపలి నిర్మాణమే ఉపరితలం మీద ఆ రూపంలో ప్రకటితమవుతుంది. పైన కనిపించేదంతా లోన ఉండడమే ఈ ఉక్కు ప్రత్యేకత. ఇటువంటి కత్తులను ఒక్కొక్కటిగా, కోరినవారి అవసరానికి తగినట్లు చేతితో రూపొందించే కళ నేడు అనేక దేశాల్లో సజీవంగా ఉన్నది. ఆ కళ పూర్వచరిత్రలో తెలుగు నేలకు కూడా గణనీయమైన స్థానం ఉన్నది.

డమాస్కస్ సిరియా దేశపు రాజధాని. ఈ ఉక్కుకు ఆ పేరు ఎలా వచ్చిందనే విషయంలో పండితుల మధ్య ఏకాభిప్రాయం లేదు. ఆ నగరపు అంగళ్లలో ఇటువంటి ఖడ్గాలు లభించేవి కనుక ఆ పేరు ఏర్పడిందని కొందరి అభిప్రాయం. నీటిని స్ఫురింపజేసే అరబ్బీ పదం నుంచి పుట్టిందని మరికొందరి వాదం. అలుగుపై కనిపించే రేఖావిన్యాసాన్ని పారశీకులు 'జౌహర్' అని వ్యవహరించారు. పేరు ఏదైనా, పశ్చిమాసియా ఖడ్గకారుల చేతికి చేరిన మేలిరకం ఉక్కుకు దక్షిణ భారతదేశం ఒక ప్రధాన జన్మస్థానం. 1795లో జార్జ్ పియర్సన్ అనే శాస్త్రవేత్త లండన్‌లోని రాయల్ సొసైటీకి సమర్పించిన వ్యాసంలో ఈ భారతీయ ఉక్కును 'వూట్జ్' అని పేర్కొన్నాడు. తెలుగు, కన్నడ భాషల్లోని 'ఉక్కు' అనే మాటే విదేశీయుల నోట ఆ రూపాన్ని పొందిందని పలువురు పరిశోధకులు భావిస్తున్నారు. సరుకును అమ్మిన ఊరి పేరు లోకమంతటా మారుమోగింది. దానిని తయారుచేసిన జనుల మాట మాత్రం గుర్తుపట్టలేనంతగా మారిపోయింది.

తెలంగాణలోని నిజామాబాదు జిల్లాలో కోనసముద్రం అనే గ్రామం ఉన్నది. గోల్కొండ రాజ్యపు ఉక్కు పారశీక దేశానికి ఎగుమతి అయ్యేదనీ, రేఖావిన్యాసం గల అలుగులకు అదే తగినదనీ 17వ శతాబ్దంలో ఈ ప్రాంతాలను దర్శించిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాశాడు. ఆ ఉక్కు తయారైన చోట్లలో కోనసముద్రం సుప్రసిద్ధమైనది. 19వ శతాబ్దం తొలి పాదంలో భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయ్‌సీ ఈ గ్రామపు ఉక్కు తయారీని పరిశీలించాడు. అతని వివరణ 1832లో కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది. పారశీక దేశపు వర్తకులు స్వయంగా ఇక్కడికి వచ్చి, సరుకును పరీక్షించి కొనుగోలు చేసేవారని దానివల్ల తెలుస్తున్నది. 2010లో బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణలో క్షేత్ర పరిశోధన జరిపాయి. ఆ ప్రాంతపు పల్లెల్లో మిగిలి ఉన్న ఇనుప చిట్టెపు కుప్పలు, పగిలిన మూసల పెంకులు ఒకనాటి పరిశ్రమ విస్తృతికి సాక్ష్యాలుగా నిలిచాయి.

ఆ ఉక్కును మూసలో కరిగించి తయారుచేసేవారు. దక్షిణ భారతంలోని కొన్ని ప్రాంతాల కమ్మరులు మంటకు తట్టుకొనే మట్టితో చిన్న మూసలు చేసి, వాటిలో ఇనుప ముక్కలతోపాటు తంగేడు పుల్లలు, జిల్లేడు ఆకుల వంటివి ఉంచి, మూతులను మట్టితో మూసేవారు. ఆ మూసలను కొలిమిలో పేర్చి, తిత్తులతో ఎడతెగక గాలి ఊదుతూ గంటల తరబడి కాల్చేవారు. పుల్లలలోను, ఆకులలోను ఉన్న కర్బనం ఇనుములో కలవడం వల్ల ఉక్కు ఏర్పడేది. మూసను నెమ్మదిగా చల్లారనిచ్చి పగులగొడితే అరచేతిలో ఇమిడే ముద్ద లభించేది. అందులో కర్బనం సుమారు ఒకటిన్నర శాతం ఉండేది. తక్కువ వేడిలో ఓర్పుతో సాగగొట్టినప్పుడు, ఇనుము కర్బనంతో కలిసి ఏర్పడిన అతి గట్టి కణాలు ఆ ముద్దలో వరుసలు తీరేవి. సానపట్టి, ఆమ్ల గుణం గల ద్రవంతో తడిపినప్పుడు ఆ వరుసలే అలలుగా కనిపించేవి.

ఈ ఉక్కును అనుకరించాలని ఐరోపా ఖండంలో అనేకులు ప్రయత్నించారు. విద్యుత్తుపై పరిశోధనలతో విఖ్యాతుడైన మైకేల్ ఫారడే తన యౌవనంలో దీనిపై ప్రయోగాలు చేశాడు. రష్యాలో పావెల్ అనోసోవ్ దీర్ఘకాలం శ్రమించి 1841లో తన ఫలితాలను ప్రకటించాడు. ఐరోపా కమ్మరులు తమకు అలవాటైన ప్రకారం ఈ ఉక్కును తెల్లగా కాగేవరకు వేడిచేసి సమ్మెటతో కొట్టినప్పుడు అది ముక్కలైపోయేది. లోపం ఉక్కులో లేదు. దాని స్వభావానికి తగిన వేడి ఎంతో వారు ఎరుగరు. ఎరిగినవారు భారతదేశంలోను, పశ్చిమాసియాలోను ఉన్నారు. కాని వారి జ్ఞానం చేతివాటంలో నిలిచి, తండ్రి నుంచి కుమారునికి సంక్రమించినదే కాని, గ్రంథస్థమైనది అత్యల్పం. 19వ శతాబ్దంలో కర్మాగారాల ఉక్కు చౌకగా లభించసాగింది. అడవులపై ఆంక్షలు పెరిగి బొగ్గు దొరకడం కష్టమైంది. యుద్ధాల్లో ఖడ్గానికి బదులు తుపాకి ప్రధానమైంది. కొలిమి ఆరిపోయినప్పుడు ఆ విద్య కూడా ఆరిపోయింది. అమెరికాలో ఆచార్య జాన్ వెర్‌హోవెన్, కమ్మరి ఆల్ఫ్రెడ్ పెండ్రే కలిసి చేసిన పరిశోధనల ఫలితంగా 20వ శతాబ్దపు చివరి దశకాల్లో ఆ రేఖల రహస్యం చాలావరకు విశదమైంది. ఖనిజంలో అత్యల్పంగా ఉండే వెనేడియం వంటి మూలకాలే ఆ కణాలు వరుసలు తీరడానికి తోడ్పడ్డాయని వారు నిరూపించారు. అటువంటి ఖనిజం లభించకపోవడం కూడా ఈ విద్య అంతరించడానికి ఒక కారణమై ఉండవచ్చునని వారు భావించారు.

అలలవంటి రేఖలను సాధించడానికి మూస ఉక్కు ఒక్కటే మార్గం కాదు. వేర్వేరు గుణాలు గల రెండు రకాల లోహపు పట్టీలను ఒకదానిపై ఒకటి పేర్చి, కొలిమిలో కాచి, సమ్మెటతో అతికించడం రెండవ మార్గం. ఇది కూడా ప్రాచీనమైనదే. ఇంగ్లాండులోని సటన్ హూ అనే చోట 1939లో జరిపిన తవ్వకాల్లో బయల్పడిన 7వ శతాబ్దపు ఖడ్గం ఈ పద్ధతిలో తయారైనదే. నేడు డమాస్కస్ పేరుతో వ్యవహరింపబడుతున్న కత్తుల్లో అధికభాగం ఇట్లా పొరలను అతికించి చేసినవి. 1973లో విలియం మోరన్ అనే అమెరికా కమ్మరి తాను ఈ పద్ధతిలో రూపొందించిన కత్తులను ఒక ప్రదర్శనలో ఉంచాడు. దాదాపు మరుగునపడిన ఈ కళ ఆ ప్రదర్శనతో అమెరికాలో పునరుజ్జీవనం పొందింది. కాబట్టి మూస ఉక్కును, అతుకు ఉక్కును ఒకటిగా భ్రమించరాదు. మొదటిదానిలో రేఖలు లోహం చల్లారి, సాగే క్రమంలో తమంతట తాము ఏర్పడతాయి. రెండవదానిలో కమ్మరి పొరలను కూర్చి వాటిని సిద్ధపరుస్తాడు. అయినా ఒక విషయంలో ఈ రెండూ సమానమే. రెండింటిలోను రేఖలు లోహపు గర్భంలోనే ఉంటాయి.

చేతితో చేసే కత్తికి ఆరంభం కొలిమి వద్ద కాదు, కోరినవారితో సంభాషణ వద్ద జరుగుతుంది. కత్తి వంటింట్లో కూరలు తరగడానికా, అడవిలో కొమ్మలు నరకడానికా, చేపను శుభ్రపరచడానికా అన్నది ముందుగా తెలియాలి. వాడేవారి అరచేయి వెడల్పును బట్టి పిడి కొలత మారుతుంది. తరిగే కత్తికి అలుగు పలుచగా ఉండాలి. నరికే కత్తికి వీపు మందంగా ఉండాలి. ఈ నిర్ణయాలన్నీ జరిగిన తరువాత కమ్మరి కాగితంపై నిండు పరిమాణంలో బొమ్మ గీసుకొంటాడు.

తరువాత ఉక్కు ఎంపిక. సాధారణంగా రెండు రకాలను తీసుకొంటారు. 1084 అనే సంఖ్యతో వ్యవహరింపబడే ఉక్కులో కర్బనం సుమారు 0.84 శాతం ఉంటుంది. 15ఎన్20 అనే రెండవ రకంలో కర్బనంతోపాటు సుమారు 2 శాతం నికెల్ ఉంటుంది. కొలిమి వేడిలో కర్బనం ఒక పొర నుంచి మరొక పొరలోకి సులభంగా వ్యాపించి, కొంతసేపటికి అంతటా సమానమవుతుంది. నికెల్ అట్లా కదలదు. తానున్న పొరలోనే నిలిచిపోతుంది. చివరకు కత్తిపై తెల్లగా మెరిసే రేఖలకు మూలం ఈ స్థిరత్వమే.

ఈ రెండు రకాల పట్టీలను తుప్పు, జిడ్డు లేకుండా రుద్ది, ఒకదాని తరువాత ఒకటిగా పేర్చి, చివరలను బిగిస్తారు. పది పట్టీల కట్టను కొలిమిలో ఉంచి, ఎర్రబడిన తరువాత దానిపై వెలిగారం చల్లుతారు. వెలిగారం కరిగి గాజులా ప్రవహించి, పొరల మధ్య ఏర్పడే ఆక్సైడు మలినాన్ని తనలో కలుపుకొని బయటకు తెస్తుంది. వేడి సుమారు 1200 డిగ్రీల సెల్సియస్ చేరినప్పుడు కట్ట లేత పసుపు వన్నెతో వెలుగుతుంది. అప్పుడు దానిని పట్టకారుతో దాగలిపైకి తెచ్చి, ఒక చివర నుంచి మరొక చివరకు వరుసగా, తొందరపాటు లేకుండా కొట్టాలి. ఇక్కడ బలం కంటె క్రమం ముఖ్యం. మధ్యలో మలినం చిక్కుకొంటే అక్కడ అతుకు పడదు. విచారకరమైన విషయం ఏమిటంటే, ఆ లోపం అప్పుడు కంటికి కనిపించదు. రోజుల తరబడి శ్రమించి, అలుగును సానపట్టే చివరి దశలో అది వెంట్రుకవంటి నల్లని చీలికగా బయటపడుతుంది. అప్పుడు చేయగలిగినది ఏమీ లేదు. ఆ అలుగును పక్కన పడవేసి, పనిని మొదటి నుంచి ఆరంభించవలసిందే. కనిపించని అతుకు పట్ల చూపిన శ్రద్ధే కత్తికి ప్రాణం.

అతికిన కట్టను సాగగొట్టి, మధ్యకు నరికి, పైభాగాన్ని శుభ్రపరచి, రెండు ముక్కలను ఒకదానిపై ఒకటి ఉంచి మళ్లీ అతికిస్తారు. పది పొరలు ఇరవై అవుతాయి. అట్లా అయిదుసార్లు చేస్తే 320 పొరలు ఏర్పడతాయి. పొరలు ఎంత పెరిగితే రేఖలు అంత సన్నమవుతాయి. మితిమీరి పెంచితే అవి కంటికి ఆనకుండాపోతాయి.

పొరలు సమతలంగా ఉన్నంతవరకు ఉపరితలంపై చెప్పుకోదగిన రేఖలు కనిపించవు. వాటిని కదిలించినప్పుడే అందం పుడుతుంది. కడ్డీని ఎర్రగా కాచి తాడులా మెలిపెట్టి, తరువాత చదునుగా కొడితే నక్షత్రాల వంటి సుడులు ఏర్పడతాయి. ఉపరితలంపై అడ్డంగా గాడులు కోసి, కాచి చదును చేస్తే నిచ్చెనమెట్ల వరుస వస్తుంది. అక్కడక్కడ లోతులేని గుంటలు తొలిచి చదును చేస్తే నీటిపై వానచినుకులు పడినట్లు వలయాలు కనిపిస్తాయి. కోసిన చోట లోపలి పొరలు పైకి వస్తాయి, కొట్టినప్పుడు అవి సమతలానికి చేరతాయి. కమ్మరి చేసే విన్యాసమంతా ఈ ఒక్క సూత్రంపై ఆధారపడి ఉన్నది.

అటుపై కడ్డీని అలుగు ఆకారానికి సాగదీసి, ఆకురాయితోను, సానతోను రూపుదిద్దుతారు. అయితే ఈ దశలో అది ఇంకా కత్తి కాదు, కత్తి ఆకారంలో ఉన్న లోహం మాత్రమే. దానికి గట్టిదనం రావాలి. ఇందుకు అలుగును సుమారు 800 డిగ్రీల వరకు కాచి, గోరువెచ్చని నూనెలో ముంచుతారు. ఆ వేడిని గుర్తించడానికి కమ్మరులు ఒక సులభమైన ఉపాయాన్ని పాటిస్తారు. ఉక్కు దాదాపు 770 డిగ్రీల వద్ద అయస్కాంతానికి అంటుకొనే గుణాన్ని కోల్పోతుంది. అయస్కాంతం పట్టుకోని స్థితి వచ్చిన తరువాత మరికొంత కాచి, నూనెలో ముంచుతారు. ఒక్క క్షణంలో ఉక్కు గట్టిపడుతుంది. కాని ఆ గట్టిదనంతోపాటు పెళుసుదనం కూడా వస్తుంది. ఆ స్థితిలో కింద పడితే గాజులా పగిలిపోవచ్చు. అందువల్ల దానిని సుమారు 200 డిగ్రీల వేడిలో రెండు గంటల చొప్పున రెండుసార్లు ఉంచుతారు. మెరుగుపెట్టిన ఉపరితలం ఎండుగడ్డి వన్నెకు తిరుగుతుంది. కొంత గట్టిదనం తగ్గి, దెబ్బకు తట్టుకొనే గుణం అలవడుతుంది. కత్తికి పనికివచ్చేది గట్టిదనం ఒక్కటే కాదు, ఓర్చుకొనే శక్తి కూడా.

చివరకు అలలు బయటపడే సమయం వస్తుంది. అంతవరకు మెరుగుపెట్టిన అలుగు సాధారణమైన తెల్లని ఉక్కులాగే ఉంటుంది. దానిని ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో కొన్ని నిమిషాలు ముంచుతారు. నికెల్ లేని పొరలను ద్రావణం తిని నల్లబరుస్తుంది. నికెల్ గల పొరలు అంతగా చెక్కుచెదరక తెల్లగా నిలుస్తాయి. కడిగి తుడిచినప్పుడు, ఇన్ని రోజులుగా కమ్మరి మనసులో మాత్రమే ఉన్న రేఖలు తొలిసారి కంటికి కనిపిస్తాయి. ఆ తరువాత కర్రతోనో, కొమ్ముతోనో పిడిని అమర్చి, ఇత్తడి మేకులతో బిగించి, తోలుతో ఒరను కుట్టడంతో కత్తి పూర్తవుతుంది.

ఇంత అందమైన కత్తి పనికి కూడా పనికిరావాలి. మోరన్ మొదలైనవారు 1976లో స్థాపించిన అమెరికా కమ్మరుల సంఘం ఈ విషయంలో కఠినమైన నియమం పెట్టింది. 'మాస్టర్ స్మిత్' అనే పదవిని కోరే వ్యక్తి కనీసం 300 పొరలు గల డమాస్కస్ కత్తిని స్వయంగా చేసి పరీక్షకు నిలపాలి. వేలాడుతున్న అంగుళం మందపు తాడును ఒకే వేటుతో తెగవేయాలి. మందమైన చెక్కను రెండుసార్లు నరకాలి. ఆ తరువాత కూడా అదే అంచుతో చేతిమీది వెంట్రుకలను గొరగగలగాలి. చివరగా అలుగును బిగించి 90 డిగ్రీలు వంచినప్పుడు అది రెండుగా విరగకూడదు. ఈ పరీక్ష ముగిసేసరికి ఆ కత్తి వంగిపోయి మరెందుకూ పనికిరాదు. అయినా అభ్యర్థి దానికి చింతించడు. పరీక్షింపబడినది కత్తి కాదు, దానిని చేసిన చేయి.

నేటి విపణిలో డమాస్కస్ పేరుతో చౌకగా అమ్ముడయ్యే కత్తులు కూడా లేకపోలేదు. వాటిలో కొన్నింటిపై ఉన్నవి సాధారణమైన ఉక్కుపై యంత్రంతో ముద్రించిన గీతలు మాత్రమే. రెండింటికీ గల భేదాన్ని తెలుసుకొనే మార్గం ఒకటి ఉన్నది. అలుగును గరుకు కాగితంతో రుద్దితే రెండింటిపైనా గీతలు మాయమవుతాయి. తరువాత ద్రావణంలో ముంచినప్పుడు, ముద్రించిన గీతలు తిరిగి రావు. లోన ఇమిడిన రేఖలు మాత్రం యథాతథంగా మళ్లీ ప్రత్యక్షమవుతాయి. ఎన్నిసార్లు అరగదీసినా, అలుగు ఉన్నంతవరకు అవి ఉంటాయి.

కోనసముద్రపు కమ్మరులు చేసిన ఉక్కు నేడు ప్రపంచంలోని వస్తు ప్రదర్శనశాలల్లో ఖడ్గాల రూపంలో ఉండి ఉండవచ్చు. వాటిపై వారి పేర్లు లేవు. పద్ధతిని వారు రాసి ఉంచలేదు. రాసి ఉంచగల అవకాశం, అందుకు తగిన గౌరవం ఆనాటి సమాజం వారికి కల్పించలేదు. చేసే చేతికి, రాసే చేతికి మధ్య ఏర్పడిన ఆ దూరం వల్ల ఒక మహత్తరమైన విద్య అంతరించింది. దానిని తిరిగి ఊహించడానికి శాస్త్రవేత్తలు తరాల తరబడి శ్రమించవలసి వచ్చింది. చేతివృత్తిలోని జ్ఞానాన్ని శాస్త్రంగా గుర్తించి, చేసేవారిని గౌరవించి, వారు చెప్పినది భద్రపరచిన నాడే ఏ విద్య అయినా తరువాతి తరానికి అందుతుంది. ఊరి కమ్మరి కొలిమిలో నేటికీ కొడవలి కాగుతూనే ఉన్నది. అది ఏ వన్నెకు వచ్చినప్పుడు నీట ముంచాలో ఆ కమ్మరికి తెలుసు. ఆయనను అడిగి రాసుకోవలసిన పని మాత్రం ఇంకా మిగిలి ఉన్నది.